టుమారోల్యాండ్ ఎందుకంత పాతగా కనిపిస్తుంది, తల మీద ఉన్న ఆ ఖాళీ ట్రాక్ ఏంటి?

మీ ప్రశ్న చదివానండి. కాలిఫోర్నియాలో అనహైమ్ డిస్నీల్యాండ్‌కి వెళ్ళొచ్చారు, మిగతా ఏరియాలన్నీ నచ్చాయి, టుమారోల్యాండ్ మాత్రం పేరుకే రేపటి లోకం, చూడబోతే సగం వాడని బిల్డింగులు, నెత్తి మీద ఎక్కడికీ పోని ట్రాక్ ఒకటి, మొదట్నుంచీ ఇంతేనా, ఎప్పుడైనా బాగుండేదా అని అడిగారు. మీ పాపని ఆటోపియాలో (పిల్లలు చిన్న కార్లు నడిపే రైడ్) కారు ఒంటరిగా నడపనివ్వలేదని కూడా రాశారు, అది చివర్లో చెప్తా.

ముందు సూటిగా జవాబు. టుమారోల్యాండ్ పాతబడటం ఇప్పుడు మొదలవలేదు, 1955లో గేటు తీసిన రోజే మొదలైంది. ఆ తర్వాత రెండుసార్లు దాన్ని బాగా తిరగేసి కట్టారు, 1967లో ఒకసారి, 1998లో ఒకసారి. 1967ది అదిరిపోయింది, 1998ది బెడిసికొట్టింది, మీరు చూసొచ్చింది ఆ 1998 దెబ్బకి కట్టిన కట్లు. ఖాళీ ట్రాక్ 1967 నాటి పీపుల్‌మూవర్ అనే రైడ్‌ది, 2000 నుంచి దాని మీద ఏదీ తిరగట్లేదు. ఐడియాలు లేక ఇలా అయిందని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. "రేపు" అని బోర్డు పెట్టుకోవడం అంటే ఈఎంఐ పెట్టుకున్నట్టే, పదిహేనేళ్ళకోసారైనా మొత్తం కట్టుకోవాలి, ఆ డబ్బు ఎవరూ ముందే పక్కన పెట్టరు, అదీ సంగతి.

నా సంగతి చెప్పాలంటే, థీమ్ పార్కుల్లో రైడ్లు బిగించడం, షో సిస్టమ్స్, ఆ తర్వాత వాటి మెయింటెనెన్స్, 19 ఏళ్ళుగా ఇదే పని. డిస్నీలో ఎప్పుడూ చెయ్యలేదు, అక్కడికి నాలుగుసార్లు వెళ్ళా, నాలుగుసార్లూ టికెట్ కొనుక్కునే. కాకపోతే మా ఫీల్డ్‌లోకి వచ్చినవాడు ఎవడైనా ఏదో ఒకరోజు టుమారోల్యాండ్ గురించి చదవక తప్పదు, ఎందుకంటే చెయ్యాల్సినవీ చెయ్యకూడనివీ రెండూ ఒకేచోట దొరుకుతాయి.

1955 దగ్గర మొదలుపెడదాం. నారింజ తోటలు కొట్టేసి 160 ఎకరాల్లో పార్క్ మొత్తం ఏడాదిలో లేపారు, ఖర్చు 1.7 కోట్ల డాలర్ల దాకా పోయింది, ఏబీసీ టీవీ వాళ్ళు డబ్బు పెట్టి అప్పుకి పూచీ ఉంటేగానీ బండి కదల్లేదు. అంత బిగుతు బడ్జెట్‌లో ఎక్కడో కోత పడాలి కదా, అది టుమారోల్యాండ్ మీద పడింది. ఒక దశలో దాన్ని అలా మూసి ఉంచి తర్వాత తెరుద్దాం అనుకున్నారు, మళ్ళీ మనసు మార్చుకుని చివరి నెలల్లో హడావిడిగా నిలబెట్టారు. జులై 17న టీవీలో లైవ్‌గా ఓపెనింగ్ చూపిస్తుంటే ఇక్కడ పూర్తికాని చోట్లకి జెండాలు, బెలూన్లు కట్టి కప్పేశారు, పెళ్ళివారొచ్చే వేళకి పెచ్చులూడిన గోడకి దుప్పటి వేలాడదీసినట్టు. చంద్రుడి మీదకి తీసుకెళ్ళే రాకెట్ రైడ్ కూడా ఆ రోజుకి రెడీ కాలేదు, కొన్ని రోజుల తర్వాత తెరిచారు.

డబ్బు లేనప్పుడు ఏం చేస్తారు, స్పాన్సర్లని పిలుస్తారు. అలా మోన్‌శాంటో కంపెనీ వచ్చి కెమిస్ట్రీ హాల్ పెట్టింది, కైజర్ కంపెనీ అల్యూమినియం గొప్పతనం చెప్పే హాల్ పెట్టింది, రిచ్‌ఫీల్డ్ ఆయిల్ వాళ్ళు భూమి లోపల చమురు గురించి ఒకటి, మరుసటేడు ఒక పెయింట్ కంపెనీ రంగుల గ్యాలరీ, ఇంకా నమ్మరుగానీ క్రేన్ అనే శానిటరీ సామాన్ల కంపెనీ "రేపటి బాత్‌రూమ్" అని ఒకటి. జనం టికెట్ కొనుక్కుని లోపలికొచ్చి బాత్‌రూమ్ ఫిట్టింగులు చూసి వెళ్ళారన్నమాట! అసలు ఐడియా మాత్రం బాగుంది, ఈ ఏరియా 1986లో జరుగుతున్నట్టు ఊహించారు, హేలీ తోకచుక్క మళ్ళీ కనబడే సంవత్సరం అని. మధ్యలో టీడబ్ల్యూఏ ఎయిర్‌లైన్స్ పేరుతో 76 అడుగుల రాకెట్, పార్క్ నడిమధ్యన ఉన్న కోట 77 అడుగులు, అంటే దాదాపు దానంత. ఆ రాకెట్ డిజైన్ వెనక వెర్నర్ వాన్ బ్రాన్ లాంటి నిజమైన రాకెట్ ఇంజనీర్ల సలహా ఉంది, అదే ఏడాది మార్చిలో డిస్నీ టీవీ షోలో అంతరిక్షం గురించి ఆయనే కనిపించి వివరించాడు కూడా. మొదటి ఉపగ్రహం స్పుత్నిక్‌కి ఇంకా రెండేళ్ళ టైమ్ ఉన్న రోజులవి, అందుకని ఆ చంద్రుడి రైడ్‌లో కుర్చీలో కూర్చోబెట్టి నేలలో ఒక స్క్రీన్, పైకప్పులో ఒక స్క్రీన్ పెట్టి భూమి దూరమవుతున్నట్టు చూపిస్తే జనం నోళ్ళు తెరుచుకుని చూశారు.

ఇక్కడ నా అనుభవం ఒకటి. ఒక పార్కులో (పేరొద్దు) స్పేస్ జోన్ చేశాం, అందులో కంట్రోల్ రూమ్ సెట్ ఉంటుంది, వెనక డొప్ప ఉండే పాత టీవీలు 24 తెచ్చి గోడంతా పేర్చాం, ఓపెనింగ్ రోజు అందరూ అబ్బో అన్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి పలక టీవీలు ఇంటింటికీ వచ్చేశాయి, పిల్లలు మా గోడ చూసి "మా తాతయ్య వాళ్ళింట్లో ఉంది ఇలాంటిది" అని నవ్వేవాళ్ళు. కోట సెట్ వేస్తే నలభై ఏళ్ళైనా కోటే, పాతబడితే ఇంకా అందం. రాకెట్ సెట్‌కి ఆ అదృష్టం లేదు. వస్తువు చూపిస్తే ఆ వస్తువు షాపులోకి వచ్చిన రోజే మీ షో అయిపోయినట్టు.

దీనికి బెస్ట్ ఉదాహరణ హౌస్ ఆఫ్ ద ఫ్యూచర్. 1957లో టుమారోల్యాండ్ ఎంట్రన్స్ దగ్గర మోన్‌శాంటో వాళ్ళు కట్టిన ప్లాస్టిక్ ఇల్లు, ఎంఐటీ ఆర్కిటెక్ట్‌లతో డిజైన్ చేయించారు, మధ్యలో ఒక దిమ్మె, దాని నుంచి నాలుగు వైపులా గాల్లోకి చాచిన రెక్కల్లాంటి గదులు, లోపల మైక్రోవేవ్ ఓవెన్, ముఖం కనబడే ఫోను. పదేళ్ళు ఉంచి 1967లో పడగొడదామని ఇనుప గుండు వేలాడదీసి కొడితే గుండు బంతిలా వెనక్కి ఎగిరిందట! ఒక రోజులో అయిపోతుందనుకున్న పని రెండు వారాలు పట్టింది, చివరికి రంపాలతో కోసి ముక్కలు చేశారు. పునాది దిమ్మె మాత్రం కదల్చలేక అలాగే వదిలేశారు, ఇప్పటికీ అక్కడే ఉంది, పిక్సీ హాలో అనే ఫెయిరీల తోట దగ్గర ఆకుపచ్చ రంగు వేసిన కాంక్రీట్ దిమ్మె అదే. నాలుగో ట్రిప్‌లో నేను దాని కోసమే ప్రత్యేకంగా వెతికా, మా ఇంటావిడ "సిమెంటు దిమ్మె చూడ్డానికి ఇంత దూరం తీసుకొచ్చావా" అని ఒక చూపు చూసింది.

1959 జూన్ 14న ఈ ఏరియా దశ తిరిగింది. ఒకేరోజు మోనోరైల్, సబ్‌మెరీన్లు, పక్కనే మ్యాటర్‌హార్న్ కొండ రోలర్‌కోస్టర్, మూడూ ప్రారంభించారు, అప్పటి వైస్ ప్రెసిడెంట్ నిక్సన్ కుటుంబంతో వచ్చాడు. ఇక్కడ గమనించండి, బాత్‌రూమ్ ఫిట్టింగులు పోయి తిరిగే బళ్ళు వచ్చాయి. సబ్‌మెరీన్లు నిజంగా మునగవు, మీరు కూర్చునే చోటు నీటి మట్టానికి కింద ఉంటుంది, కిటికీ ముందు బుడగలు వదిలితే మునుగుతున్నట్టు అనిపిస్తుంది, అంతే ట్రిక్కు. మొత్తం ఎనిమిది, అమెరికా నేవీ అణు సబ్‌మెరీన్ల పేర్లు పెట్టి బూడిద రంగు వేశారు, 80ల్లో పసుపు రంగుకి మారాయి. మోనోరైల్ అయితే 1961లో పార్క్ బయట హోటల్ దాకా పొడిగించారు, అంటే రైడ్ కాస్తా రవాణా అయిపోయింది.

ఇక 1967. నన్నడిగితే టుమారోల్యాండ్ నిజంగా టుమారోల్యాండ్‌లా ఉన్నది ఈ ఒక్కసారే. వాల్ట్ డిస్నీ 1966 డిసెంబర్‌లో పోయాడు, ఏడు నెలలకి, 1967 జులైలో, ఆయన ఉండగా మొదలెట్టిన ఈ కొత్త వెర్షన్ తెరిచారు. 2 కోట్ల డాలర్లకి పైనే పెట్టారు, పన్నెండేళ్ళ కింద మొత్తం పార్క్ కట్టిన ఖర్చు కంటే ఎక్కువ. అంతా తెలుపు, అన్నీ వంపులు, ఎక్కడ నిలబడినా ఏదో ఒకటి తిరుగుతూనో పైకి లేస్తూనో ఉండేది. నేల లోంచి బ్యాండ్ వాళ్ళతో సహా స్టేజి పైకి లేచేది, మధ్యలో ఎత్తు ప్లాట్‌ఫామ్ మీద రాకెట్ జెట్స్ గుండ్రంగా తిరిగేవి, న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ నుంచి తెచ్చిన కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌లో స్టేజి కదలదు, జనం కూర్చున్న సీట్ల వరసలే బిల్డింగ్‌తో పాటు గుండ్రంగా తిరిగి ఒక్కో సీన్ ముందుకెళ్ళి ఆగేవి. ఇన్నర్ స్పేస్ రైడ్‌లో పెద్ద మైక్రోస్కోప్‌లోకి దూరి చిన్నగా అయిపోయి అణువు లోపలికి వెళ్ళినట్టు, దాని కోసం చేసిన గొలుసు కార్ల సిస్టమ్ పేరు ఆమ్నిమూవర్, రైడ్ ఎప్పుడూ ఆగదు, కార్లు వరసగా వస్తూనే ఉంటాయి, డిజైనర్ ఎటు చూపించాలనుకుంటే కారు అటు తిరుగుతుంది. రెండేళ్ళకే హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల ఇంటి రైడ్‌లో అదే సిస్టమ్ వాడారు. గంటకి ఎక్కువమందిని ఎక్కించాలంటే మేం ఇవాళ్టికీ ముందు ఆలోచించేది ఇలాంటి పద్ధతే.

ఇప్పుడు మీ ట్రాక్. పీపుల్‌మూవర్ బళ్ళలో మోటార్ ఉండేది కాదు, మోటార్లు ట్రాక్‌లో ఉండేవి. సుమారు తొమ్మిది అడుగులకొక గుడ్‌ఇయర్ టైరు ట్రాక్‌లో పెట్టి తిప్పితే అది బండి అడుగుని తోస్తుంది, తర్వాతి టైరు అందుకుంటుంది. స్టేషన్లో బండి ఆగదు, గుండ్రటి ప్లాట్‌ఫామే బండి స్పీడుతో తిరుగుతుంటుంది, మీరు దాని మీద నిలబడి మెల్లగా ఎక్కేస్తారు. గంటకి ఏడు మైళ్ళు దాటదు, పావుగంట పైన మొత్తం ఏరియా చుట్టూ తిప్పి, బిల్డింగుల్లోంచి దూరి, కింద ఏ రైడ్‌లో ఏముందో చూపిస్తుంది. కాళ్ళు నొప్పెట్టినవాళ్ళు ఎక్కి కూర్చునేవాళ్ళు. కింద నడిచేవాళ్ళకేమో పైన ఎప్పుడూ ఏదో వెళ్తూ కనబడేది, ఊరు బతికున్నట్టుండేది. ఇది ఉత్త ఆటబొమ్మ అనుకోకండి, దీని తర్వాతి తరం టెక్నాలజీని హ్యూస్టన్ ఎయిర్‌పోర్ట్‌లో 1981 నుంచి టెర్మినల్స్ మధ్య వాడారు.

కానీ కాలం ఇక్కడా వదల్లేదు. 1967లో ఫ్లైట్ టు ద మూన్ అని కొత్త చంద్రయాత్ర షో పెట్టారు, రెండేళ్ళు తిరగ్గానే 1969లో నిజంగానే మనిషి వెళ్ళి దిగొచ్చేశాడు, ఇంక కుర్చీలో కూర్చుని వెళ్ళేదేముంది? 1975లో అదే థియేటర్‌కి మిషన్ టు మార్స్ అని పేరు మార్చి ఊరు మార్చారు. కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ 1973లో ఫ్లోరిడాకి వెళ్ళిపోయింది, ఆ బిల్డింగ్‌లో 1974 నుంచి 1988 దాకా పాటలు పాడే బొమ్మ జంతువుల షో నడిచింది, దానికీ రేపటికీ సంబంధమేంటో అడక్కండి. అది మూసేశాక ఆ బొమ్మల్ని తీసుకెళ్ళి స్ప్లాష్ మౌంటెన్ అనే నీళ్ళ రైడ్‌లో పెట్టేశారు. పొదుపంటే అది.

1977 మే 27న స్పేస్ మౌంటెన్ అనే చీకటి రోలర్‌కోస్టర్ తెరిచారు, సరిగ్గా రెండు రోజుల ముందు, మే 25న, స్టార్ వార్స్ రిలీజ్. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తర్వాత కథంతా అర్థమైపోతుంది. అప్పటిదాకా భవిష్యత్తు అంటే కంపెనీలు, ఇంజనీర్లు చెప్పేది, అక్కణ్ణుంచి సినిమా వాళ్ళు చెప్పేది. 1986 రానే వచ్చింది, మొదట ఊహించిన సంవత్సరమే, తోకచుక్కా వచ్చింది, టుమారోల్యాండ్‌లో ఆ ఏడు కొత్తగా వచ్చింది మాత్రం మైకేల్ జాక్సన్ త్రీడీ షో. 1987 జనవరిలో ఇన్నర్ స్పేస్ తీసేసిన చోట స్టార్ వార్స్ రైడ్ స్టార్ టూర్స్ పెట్టారు, పైలట్ల ట్రైనింగ్ సిమ్యులేటర్ లాంటి దాంట్లో 40 మందిని కూర్చోబెట్టి ఊపుతారు, దానికి 3.2 కోట్ల డాలర్లు. అది గొప్ప రైడే, కాదనను, కాకపోతే తలుపులు మూసిన గదిలో జరుగుతుంది, బయట నడిచేవాడికి కనబడేది క్యూ ఒక్కటే.

1998 ఎందుకు బెడిసికొట్టిందంటే రెండు కారణాలు. అంతకుముందు 2055 అనే థీమ్‌తో పెద్ద ప్లానే వేశారు, 1992లో తెరిచిన ప్యారిస్ పార్క్ నష్టాల దెబ్బకి అది అటకెక్కింది, చిన్న బడ్జెట్‌తో చేశారు. రెండోది, భవిష్యత్తు ఎలాగూ పాతబడుతోంది కదా, పాతకాలంవాళ్ళు ఊహించుకున్న భవిష్యత్తునే చూపిస్తే పోలా అనుకున్నారు, జూల్ వెర్న్, డావిన్సీ, ఇత్తడి చక్రాలు. ప్యారిస్‌లో ఆ ఐడియా బాగా పండింది, ఎందుకంటే అక్కడ మొదట్నుంచీ అలాగే కట్టారు. ఇక్కడ తెల్లటి 60ల బిల్డింగులకి గోధుమ, రాగి రంగులు కొట్టారు. ఎండ బాగా కాసే చోట ముదురు రంగు ఎలా ఉంటుందో పెయింట్ పని తెలిసినవాడినెవడినైనా అడగండి. స్పేస్ మౌంటెన్‌ని కూడా వదల్లేదు, 2005లో యాభయ్యేళ్ళ పండగ నాటికి మళ్ళీ తెల్లరంగు వేసుకున్నారు. మొక్కల ఐడియా మాత్రం నాకు నచ్చింది, ఆ ఏరియాలో అలంకారానికి కూడా పండ్లచెట్లు, కూరగాయలు, తినగలిగేవే పెంచారు.

అసలు దెబ్బ ట్రాక్ దగ్గర తగిలింది. 1995లో పీపుల్‌మూవర్ ఆపేసి అదే ట్రాక్ మీద 1998లో రాకెట్ రాడ్స్ అని స్పీడు బళ్ళు పెట్టారు, గంటకి సుమారు 35 మైళ్ళు. ఏడు మైళ్ళ కోసం కట్టిన ట్రాక్ అది! మలుపుల దగ్గర బయటి వైపు ఎత్తు పెంచితే స్పీడుగా తిరగొచ్చు, ఆ పనికి డబ్బు ఇవ్వలేదు, దాంతో ప్రతి మలుపుకీ బండి బ్రేక్ వెయ్యాలి, దాటాక మళ్ళీ పరిగెత్తాలి. టైర్లు అరిగిపోయేవి, ఆ కుదుపులు స్తంభాల మీద పడేవి, రోజూ ఆగిపోయేది. 2000 సెప్టెంబర్‌లో రిపేరని ఆపారు, మళ్ళీ తెరవలేదు. పావుగంట రైడ్ పోయి మూడు నిమిషాల రైడ్ వచ్చి అదీ రెండేళ్ళకి పోయింది.

ఇది చదివినప్పుడల్లా నాకు నా పాత సైట్ ఒకటి గుర్తొస్తుంది. మెల్లగా తిరిగే ఎత్తు ట్రాక్ రైడ్ ఒకటి ఉండేది, ఓనర్‌కి బోర్ కొట్టి "మోటార్లు మార్చి స్పీడ్ పెంచండి, ట్రాక్ ఎలాగూ ఉందిగా" అన్నాడు. స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్కలు వేసి మలుపు దగ్గర పక్కకి తోసే బలం స్పీడ్ రెట్టింపైతే నాలుగింతలవుతుందని పేపర్ మీద చూపించాడు, ఆయన వినలేదు, ట్రయల్స్‌లో మూడో వారానికే స్తంభం కింద బోల్టుల దగ్గర పగుళ్ళు కనబడ్డాయి, మొత్తం ఆపేశాం. ఏడు మైళ్ళ నుంచి 35 అంటే అయిదింతలు, బలం పాతికింతలు, మీరే ఆలోచించుకోండి.

మరి ట్రాక్ తీసెయ్యొచ్చు కదా అంటారా. ఆ ట్రాక్ బిల్డింగుల గోడల్లోంచి దూరి వెళ్తుంది, దాని కింద జనం నడిచే దారి, తీయాలంటే ఏరియా సగం మూసెయ్యాలి, ఒక్క కొత్త రైడ్ కూడా రాకుండా అంత ఖర్చు ఎవరు పెడతారు. మళ్ళీ నడపాలన్నా కష్టమే, ఈ రోజుల్లో ఎత్తు మీద బండి ఆగిపోతే జనం దిగి నడిచే దారి ఎక్కడ అని ఏ ఇన్‌స్పెక్టరైనా మొదట అదే అడుగుతాడు. ఫ్లోరిడా మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మాత్రం 1975 నుంచి పీపుల్‌మూవర్ తిరుగుతూనే ఉంది, ఎప్పుడైనా అటు వెళ్తే ఎక్కండి, ఇక్కడ ఏం పోయిందో అప్పుడు తెలుస్తుంది.

1998 తర్వాత వచ్చినవన్నీ అతుకులే. సబ్‌మెరీన్లు ఆ ఏడే మూసేసి 2007లో నీమో చేప బొమ్మలతో, కరెంటు మోటార్లతో మళ్ళీ తెరిచారు, 2005లో బజ్ లైట్‌ఇయర్ షూటింగ్ రైడ్. స్టార్ వార్స్‌కైతే 2019లో పార్క్‌లో వేరే ఏరియానే కట్టేశారు, అక్కడికి పోయిన డబ్బులో నాలుగోవంతు ఇక్కడ పడి ఉంటే మీరు ఈ ప్రశ్న అడిగేవారు కాదేమో.

ఇక మీ పాప విషయం. ఆటోపియాలో ఒంటరిగా నడపాలంటే 54 అంగుళాల ఎత్తుండాలి, 32 దాటితే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని స్టీరింగ్ పట్టుకోవచ్చు. 1955 నాటి టుమారోల్యాండ్ రైడ్లలో ఇప్పటికీ మిగిలింది అదొక్కటే, అమెరికాలో ఇంటర్‌స్టేట్ రోడ్ల చట్టం రావడానికి ఏడాది ముందే పిల్లలకి ఫ్రీవే చూపించింది. మొదట్లో రోడ్డు మధ్యలో కారుని దారి తప్పనివ్వని పట్టా ఉండేది కాదు, పిల్లలు ఇష్టమొచ్చినట్టు గుద్దేసుకుంటే కొన్ని వారాల్లోనే చాలా కార్లు షెడ్డుకెళ్ళాయి, 60ల మధ్యలో పట్టా వేశాకే అదుపులోకొచ్చింది. ఆ పెట్రోల్ వాసన మీరు చూసే ఉంటారు, 2024లో ఇంజన్లు తీసేసి ఎలక్ట్రిక్‌కి మారుస్తామని ప్రకటించారు. పాప ఇంకో నాలుగంగుళాలు పెరిగాక వెళ్తే బహుశా చప్పుడు లేని కారు నడుపుతుంది.